వెనక సీట్లో బామ్మ

సరుకు మోసే తొట్టి ఉన్న మిడ్‌సైజ్ పికప్ వెనక సీట్లో కూర్చున్న మనిషికి నిద్ర పట్టదన్నది బండ్ల లోకంలో అందరూ నమ్మే మాట. రివ్యూలు చేసేవాళ్ళు నమ్ముతారు, చూసేవాళ్ళు నమ్ముతారు. వాటిని అమ్మే షోరూము వాళ్ళు కూడా, కొనేవాడు సంతకం పెట్టేదాకా బయటపడరు గానీ, లోలోపల నమ్ముతారు. ఈ మాట మొదట ఎవరన్నారో, ఏ ప్రయోగం చేసి అన్నారో ఎవరికీ తెలియదు. ఒకడు రాసినదాన్ని ఇంకొకడు చదివి తన అనుభవంగా చెప్పాడు. అది విన్న మూడోవాడు దాన్ని తన నడుము నొప్పిగా వర్ణించాడు. ఇలా చేతులు మారుతూ వచ్చిన మాటకు చివరికి శాస్త్ర సత్యానికి దక్కే గౌరవం దక్కింది. దయ్యాల విషయంలోనూ సరిగ్గా ఇదే పద్ధతి. కాకపోతే దయ్యాన్ని చూశానని చెప్పేవాడు కనీసం చీకట్లో ఇంటి బయటికి వెళ్ళి ఉంటాడు.

మన కథానాయకుడు ఆ వెనక సీట్లోకి కూడా వెళ్ళలేదు.

బండ్లను పోల్చి మార్కులు వేయడం అతని వృత్తి. టైర్ల దుకాణం పైన రెండు గదులు అతని ఆఫీసు. ఒక గదిలో గోడకు నల్ల తెర కట్టి వీడియోలు తీసేవారు. రెండో గదిలో ఆ వీడియోల కింద జనం రాసిన తిట్లు చదువుకునేవారు. కంపెనీలు బండిని కడిగి, తుడిచి, ట్యాంకు నింపి పంపేవి. ఒక్కటే షరతు: గీత పడకుండా తిరిగి అప్పజెప్పాలి. అతను నడిపేవాడు, బ్రేకు వేసేవాడు, మలుపులు తిప్పేవాడు, చివర కెమెరా వైపు తిరిగి కనుబొమలు ముడిచి పదికి ఎన్నో చెప్పేవాడు.

ఆ చెప్పేది దాదాపు ఎప్పుడూ ఆరున్నరే. ఏడు ఇస్తే అమ్ముడుపోయాడని చూసేవాళ్ళు గోల చేస్తారు, ఆరు ఇస్తే కంపెనీ మళ్ళీ బండి పంపదు. ఆరున్నర మీద మాత్రం ఎవరికీ కోపం రాదు. ఆ అర మార్కు చాటున అతను కొన్నేళ్ళుగా క్షేమంగా బతుకుతున్నాడు. అతని కెమెరామన్ మొదలుకొని కింద టైర్లకు గాలి కొట్టేవాడి దాకా అందరూ అతన్ని 'ఆరున్నర' అనే పిలిచేవారు. మొదట్లో వెనక పిలిచేవారు, తర్వాత అంత శ్రమ పడడం మానేశారు.

ఆ నెల మూడు పికప్‌లు వచ్చాయి: ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది, ఒకటి ఎర్రది. ఆరున్నర మూడింటినీ నడిపి, ఇంజన్ గురించీ స్టీరింగ్ గురించీ ఎంతో చెప్పి, వెనక సీటు దగ్గరికొచ్చేసరికి లోకం చెప్పేదే చెప్పాడు. వీపు నిటారుగా ఉందన్నాడు. గతుకొస్తే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చన్నాడు. ఆ సీట్లో నిద్రపోయినవాణ్ణి తానింతవరకూ చూడలేదన్నాడు. మూడు బండ్ల వెనక సీట్లకూ తలా నాలుగు మార్కులు పడేశాడు. ఈ మాటలన్నీ అతను చెప్పింది ముందు సీట్లో కూర్చుని.

వీడియో బయటికొచ్చిన మర్నాడు వాన పడుతుండగా ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, బూట్ల నిండా మట్టి. గడప దగ్గర బూట్లు విప్పుదామా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, గదిలో అప్పటికే ఉన్న దుమ్ము చూసి, విప్పకుండానే లోపలికొచ్చింది.

"వెనక సీటుకు నాలుగు వేసింది మీరేనా?"

"అవునండీ."

"ఎంతసేపు కూర్చున్నారు?"

ఆరున్నర కుర్చీలో సర్దుకున్నాడు. రివ్యూ అంటే ఒక సీటుకు సంబంధించినది కాదనీ, అది సమగ్రమైన మూల్యాంకనమనీ, సీటు వంపు, మోకాళ్ళ జాగా, తల మీద ఎత్తు మొదలైన అనేక అంశాలు ఉంటాయనీ వివరించాడు. ఆమె చివరిదాకా ఓపికగా విని, గొడుగు మరో చేతికి మార్చుకుని, మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

సరిగ్గా అక్కర్లేని వేళ నిజం చెప్పడం కెమెరామన్‌కు అలవాటు. అతను మూలనుంచి తల కూడా ఎత్తకుండా అన్నాడు: "గురువుగారు వెనక సీట్లో కెమెరా బ్యాగు పెట్టారండీ. బ్యాగు ఏమీ కంప్లైంట్ చెయ్యలేదు."

ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని తను వచ్చిన పని చెప్పింది. వాళ్ళకు ఊరి చివర ఒక నర్సరీ ఉంది: నిమ్మ, నారింజ, దానిమ్మ, గులాబీ. మొక్కలకు అంటు కట్టేది వాళ్ళ బామ్మ. అంట్లకు కావలసిన తల్లిచెట్లు మాత్రం దూరంగా, కొండ మీద ఉన్న వాళ్ళ రెండో తోటలో ఉన్నాయి. వానలు మొదలవగానే బామ్మ అక్కడికి వెళ్ళి అంట్లు కడితేనే మరుసటి ఏడాదికి నర్సరీలో సరుకు. పాత వ్యాను ఆయుష్షు తీరింది. దానితో పాటు బామ్మ నడుము కూడా సగం తీరింది. రెండు బండ్లు కొనే స్తోమత లేదు. మట్టినీ బామ్మనీ కలిపి మోసే బండి ఒకటే కావాలి. మట్టి ఎలా మోస్తుందో రివ్యూలన్నీ చెబుతున్నాయి. బామ్మను ఎలా మోస్తుందో తెలుసుకుందామని కనబడిన రివ్యూలన్నీ చూస్తే, ఒక్కొక్కరూ గతుకొస్తే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చనే అంటున్నారు.

"మీ అందరికీ కలిపి ఒకటే వెన్నెముకా? వంతులవారీగా తెచ్చుకుంటున్నారా?"

ఆ క్షణాన ఆరున్నర గుండె వేగంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇందుకు మెట్లు కారణం కావు, మెట్లెక్కింది ఆమె. అవమానం కొంత కారణం కావచ్చు. కానీ అవమానాలు అతనికి రోజూ వీడియోల కింద దొరుకుతూనే ఉన్నాయి, అవి చదివినప్పుడు అతను వెంటనే జుట్టు సర్దుకున్న దాఖలా లేదు. ఇప్పుడు సర్దుకున్నాడు. మిగిలిన కారణం ఏమిటో పాఠకులు ఊహించగలరు.

ఎర్రబండి ఇంకా కిందే ఉందనీ, తిరిగి ఇవ్వడానికి కొద్దిరోజులు వ్యవధి ఉందనీ, బామ్మగారిని స్వయంగా కూర్చోబెట్టి చూద్దామనీ అతను అన్నాడు. అంతకు ముందు ఏ కంపెనీ బండినీ అతను ఎవరికీ ఎరువిచ్చి ఎరగడు. కెమెరామన్ మొదటిసారి తలెత్తి చూశాడు.

బామ్మ సన్నగా, అంటుకొమ్మలాగే ఉంది. నడుముకు గుడ్డ ఒరలో అంటు కత్తి. ఆమెకు రెండు అలవాట్లు. ఒకటి, ఎవరైనా మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వినడం. రెండు, విన్నదాంట్లో తప్పుంటే దిద్దకుండా వదలకపోవడం. రేడియోలో తోటపని గురించి చెప్పేవాడికి కూడా ఇంట్లోంచి జవాబు చెబుతుందనీ, అతను వినడం లేదని ఎంత చెప్పినా అది అతని దురదృష్టం అంటుందనీ మనవరాలు చెప్పింది. ఆమె దిద్దకుండా వదిలేసిన తప్పు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదట.

బామ్మ ఎర్రబండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక తలుపు తెరిచి ఎక్కింది. ఎక్కడం తేలికగానే ఉందని ఒప్పుకుంది. మనవరాలు ముందు సీట్లో కూర్చుంది, ఆరున్నర తోలాడు. నర్సరీ ముందున్న రోడ్డు మునిసిపాలిటీ వాళ్ళు సగం వేసి మరచిపోయిన రోడ్డు. మొదటి గతుకులోనే ఎర్రబండి వెనక భాగం మేకపిల్లలా గెంతింది. రెండో గతుకుకు మళ్ళీ గెంతింది. మూడోదాని తర్వాత ఆరున్నర అద్దంలో చూశాడు. బామ్మ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నిశ్చలంగా ఉంది.

అతని ముఖం విప్పారింది. పక్కకు వంగి మెల్లగా చెప్పాడు: "చూశారా, బామ్మగారు నిద్రపోయారు."

"పోయాననుకున్నావా నాయనా?" అంది వెనకనుంచి బామ్మ, కళ్ళు తెరవకుండానే. "ఈ బండిలో నిద్ర పోయేలోపు ప్రాణం పోతుంది."

తిరిగి వచ్చాక బామ్మ నడుము పట్టుకుని దిగింది. ఎన్ని మార్కులు వేశావని ఆరున్నరను అడిగింది. నాలుగని అతను గొణిగాడు. ఎక్కకుండానే ఇంత సరిగ్గా ఎలా చెప్పగలిగావు అని ఆశ్చర్యపడి, నెమ్మదిగా కుండీల వరుస వెంట ఇంట్లోకి వెళ్ళిపోయింది. తన మాట నిజమైనందుకు బాధపడడం అతనికి జీవితంలో అదే మొదలు.

మనవరాలు బామ్మ వెళ్ళిన వైపే కాసేపు చూసి, అప్పుడు అసలు సంగతి చెప్పింది. అంటు కట్టడం తాను నేర్చుకుంటోంది. తను కట్టినవాటిలో సగం బతుకుతున్నాయి, సగం ఎండిపోతున్నాయి. బామ్మ మాటల్లో చెబితే వచ్చేది కాదది. కొమ్మ మీద బామ్మ చెయ్యి, ఆ చేతి మీద తన చెయ్యి ఉండాలి. ఇంకో రెండు వానాకాలాలు బామ్మ కొండెక్కగలిగితే చాలు, తనకు పని పట్టుబడుతుంది. ఎక్కలేకపోతే కొండ తోట పక్కవాళ్ళకు ఇచ్చేద్దామని బామ్మే అంటోంది. వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. తల్లిచెట్లు కొట్టేసి అక్కడ గెస్ట్‌హౌస్ కడతారట.

"ఇప్పుడు చెప్పండి. ఈ బండి కొనమంటారా, వద్దంటారా?"

"అది మన అవసరాన్ని బట్టి ఉంటుందండీ."

"మా అవసరం ఇప్పుడే చెప్పాను."

"ప్రతి బండికీ ప్లస్సులూ మైనస్సులూ ఉంటాయి కదండీ. ఒక కోణంలో చూస్తే..."

ఆమె మొక్కలకు పోయడానికి తీసిన నీళ్ళ డబ్బా కింద పెట్టింది. "మిమ్మల్ని ఆరున్నర అని ఎందుకంటారో మీ కెమెరామన్ గారు చెప్పారు. అది అభిప్రాయం కాదండీ. దాక్కునే చోటు."

ఇంత మర్యాదైన తిట్లు తినడం అతనికి అలవాటు లేదు. ఎదురుగా ఉన్న కుండీల వైపు తిరిగి, గులాబీలు బాగున్నాయన్నాడు. అవి గులాబీలు కావనీ, ముద్ద మందారాలనీ ఇంట్లోంచి బామ్మ గొంతు వినబడింది.

ఆఫీసులో రెండు రోజులు అతనికి ఏ పనీ సాగలేదు. ఒక చిన్నకారుకు మార్కులు వేయాల్సి వచ్చి, ఆరు అని, కాదు ఏడని, కాదు కట్ చెయ్యమని కెమెరామన్ ప్రాణం తీశాడు.

"గురూ, ఆవిడ అడిగింది బండి గురించి. నువ్వు ఫెయిలైంది బండిలో కాదు," అన్నాడు కెమెరామన్.

"నీకెలా తెలుసు?"

"అద్దం ముందు ప్రాక్టీసు చేస్తున్నావుగా. 'ఒక కోణంలో చూస్తే మీరంటే నాకు' అని. ఆ కోణం సంగతి ముందు తీసెయ్."

మూడో రోజు అతనే నర్సరీకి ఫోన్ చేశాడు. బండి ఇంకా తన దగ్గరే ఉందనీ, కొండకు తానే తోలుకెళతాననీ చెప్పాడు. ఫోన్ బామ్మ ఎత్తింది. ఒకసారి ఎగరేశావు, ఈసారి పడేస్తావేమో చూద్దాం అంది. ఆపైన నవ్వు తగ్గించి, నడుము మాట వింటే ఏటా వస్తూనే ఉంటాననీ, వినకపోతే ఇదే ఆఖరు ప్రయాణమనీ, దిగీదిగగానే పక్క తోటవాళ్ళకు కబురు చేస్తాననీ చెప్పి పెట్టేసింది. ఆరున్నర కెమెరామన్‌ను కూడా రమ్మంటే, వస్తే తాను బామ్మగారి పక్కన కూర్చోవాలనీ, తన తప్పులు దిద్దేందుకు ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారనీ చెప్పి తప్పుకున్నాడు.

బయల్దేరాల్సిన ఉదయం ఆరున్నర బండిని నర్సరీలో పెట్టి ముఖం కడుక్కుని వచ్చి, అక్కడే ఆగిపోయాడు. బండి వెనక తొట్టిలోకి నర్సరీ మనుషులు మట్టి బస్తాలు ఎక్కిస్తున్నారు. తడిసిన ఎరువు బస్తాలూ ఎక్కిస్తున్నారు. మెరిసే నల్లటి తొట్టి అంచు మీద అప్పటికే ఒక తెల్లటి గీత, చక్కగా మూరెడు పొడవున, పడి ఉంది.

"ఏమండీ, ఇది కంపెనీ బండి. గీత పడకూడదు," అన్నాడు.

"పికప్ కదండీ ఇది?" అంది ఆమె, నిజంగా అర్థం కాక. "కొండ మీదంతా రాళ్ళు. మట్టి లేకుండా ఖాళీగా వెళ్ళి ఏం చేస్తాం?"

అతను వద్దనడానికి నోరు తెరిచాడు. అంతలో అతని చూపు వెనక చక్రం మీద పడింది. తాను తీసిన ప్రతి వీడియోలోనూ ఈ బండి వెనక భాగం కాస్త పైకి లేచి, తుమ్మబోతున్న మనిషిలా ఉండేది. ఇప్పుడు దిగింది. ముందుభాగంతో సమానంగా, బుద్ధిగా నిలబడింది. అతను ప్యాంటుకు బురద అంటుకుంటున్నా లెక్కచేయక వంగి బండి కిందికి చూశాడు.

పికప్‌ల వెనక ఇరుసు మీద ఉక్కు పట్టీలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటిని కమాన్ కట్టలంటారు. బండి నిండా సరుకు వేసినా కుంగకుండా ఉండేంత గట్టిగా వాటిని చేస్తారు. ఖాళీ బండిలో వాటికి వంగే పని లేదు. గతుకు తగలగానే దాన్ని ఉన్నదున్నట్టు సీట్లో కూర్చున్నవారికి అందజేస్తాయి. బరువు పడితే వంగుతాయి. వంగితే ఆ దెబ్బను అవే దిగమింగుతాయి. ఇదంతా ఆరున్నరకు తెలియనిది కాదు. వీడియోల్లో బొమ్మ గీసి మరీ చెప్పాడు. కానీ అతనూ, అతనిలాంటి ప్రతి రివ్యూయరూ, గీత పడుతుందన్న భయంతో ఏ పికప్‌లోనూ ఒక్క బస్తా కూడా వేయలేదు. బరువు మోయడానికి పుట్టినదాన్ని ఖాళీగా తిప్పి, గెంతుతోందని అందరూ కలిసి తీర్పు రాశారు.

అతను లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు.

"ఇంకో నాలుగు బస్తాలు పడతాయా?" అన్నాడు.

"గీత పడుతుందన్నారు?"

"పడనివ్వండి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. అంత పొట్టి వాక్యం అతని నోట వినడం అదే మొదలు. అతను మాత్రం కారణం చెప్పలేదు. చెబితే బామ్మ నడుము మర్యాద కోసం బాగుందనవచ్చు. ఆ నడుముకు అంత మర్యాద లేదని తెలిసినా, ప్రయోగంలో పాల్గొనేవారికి ఫలితం ముందే చెప్పకూడదు. పద్ధతి పద్ధతే.

బయల్దేరారు. సగం వేసిన రోడ్డు మీద మొదటి గతుకు వచ్చింది. ఆరున్నర పళ్ళు బిగించాడు. ఎర్రబండి నెమ్మదిగా ఒక్కసారి కిందికి వాలి, పైకి లేచి, ఏమీ జరగనట్టు ముందుకు సాగింది. వెనకనుంచి బామ్మ ఆ గతుకు పూడ్చారేమో అంది. పూడ్చలేదని అతను అన్నాడు. అయితే నువ్వు తప్పించి ఉంటావు అంది. తప్పించలేదన్నాడు. అతను అబద్ధమాడుతున్నాడని బామ్మ నిర్ధారించుకుంది.

ఊరు దాటాక చినుకులు మొదలయ్యాయి. బామ్మ దారి పొడుగునా దిద్దుతూనే ఉంది. వైపర్ అంత వేగంగా అక్కర్లేదంది. మనవరాలు యూకలిప్టస్ అన్న చెట్టు యూకలిప్టస్ కాదంది. ఆరున్నర కూనిరాగం తీస్తే చరణం తప్పిందంది. పెళ్ళిసంబంధాల వాళ్ళ గురించి కూడా ఒక మాట దొర్లింది. వచ్చినవాళ్ళంతా ఆలోచించి చెబుతామన్నవాళ్ళేననీ, ఆలోచించడానికి మనవరాలేమీ లెక్కల పేపరు కాదనీ, ఔనో కాదో తేల్చి చెప్పేవాడు దొరికితే తాను ముక్కూ ముఖం కూడా పట్టించుకోననీ బామ్మ తన విధానాన్ని ప్రకటించింది. మనవరాలు కిటికీ బయటికి చూడడం మొదలుపెట్టింది. ఆరున్నర చెవులు బండి రంగుకు తిరిగాయి.

కొండ దారి మొదలైంది. వాన కాస్త పెరిగింది. అద్దం మీద నీళ్ళు పక్కలకు పారుతున్నాయి. బస్తాల బరువుకు బండి రోడ్డును హత్తుకుని, మలుపు మలుపుకూ ఊయల ఊగినట్టు ఊగుతూ ఎక్కుతోంది. అప్పుడు ఆరున్నర కమాన్ కట్టల సంగతి ఆమెకు చెప్పాడు. ఖాళీ బండ్ల సంగతి, గీత సంగతి, తన తప్పు సంగతి కూడా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, ఇదంతా వీడియోలో చెబుతారా అని అడిగింది. చెబుతానన్నాడు.

"జనం నవ్వుతారేమో."

"నవ్వనివ్వండి. ఇంకో విషయం. మీరు ఎర్రదే కొనండి. తెల్లదాని తొట్టి ఎత్తు ఎక్కువ, రోజూ కుండీలు ఎత్తితే మీ నడుము కూడా బామ్మగారి నడుములా అవుతుంది. బూడిదరంగుదాని వెనక తలుపు సగమే తెరుచుకుంటుంది, బామ్మగారు ఎక్కలేరు. ఎప్పుడూ ఖాళీగా మాత్రం తోలకండి. దిగొచ్చేటప్పుడు మొక్కలు వేసుకోండి, అవి చాలకపోతే రాళ్ళు వేసుకోండి. ఎర్రదే కొనండి."

ఆమె అతని వైపు పూర్తిగా తిరిగింది. "ప్లస్సులూ మైనస్సులూ?"

"ఇప్పుడు చెప్పినవే."

"ఒక కోణంలో చూస్తే?"

"ఏ కోణంలో చూసినా ఎర్రదే."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఆ నవ్వు చూశాక, ఎదురుగా ఇంకో మలుపు ఉండడం వల్ల దాన్ని పూర్తిగా చూడలేకపోయాక, ఆరున్నర అద్దం ముందు ప్రాక్టీసు చేసినదంతా మరచిపోయాడు. రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"నాకు మీరంటే ఇష్టం. ఇందులో అర లేదు."

వైపర్ ఇటు వచ్చింది, అటు వెళ్ళింది. మళ్ళీ ఇటు వచ్చింది. ఆమె ముఖంలోకి వచ్చిన రంగు చెవులదాకా పాకింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులతోనే, శబ్దం లేకుండా, "బామ్మ" అంది.

ఆరున్నర వేగం తగ్గించాడు. అద్దంలోకి చూశాడు. బామ్మ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉంది. కానీ ఆ కళ్ళు మూసుకోవడం ఏమాత్రం సాక్ష్యం కాదని ఇద్దరికీ తెలుసు. ఎప్పటినుంచి మాట్లాడలేదో ఇద్దరూ గుర్తుచేసుకోడానికి ప్రయత్నించారు. మొదటి మలుపు దగ్గర ఏదో పక్షి పేరు దిద్దింది. ఆ తర్వాత గుర్తులేదు.

"వింటోందంటారా?" అన్నాడు గుసగుసగా.

"వింటే ఊరుకునే మనిషి కాదు."

"మనం సిగ్గుపడతామని ఊరుకున్నారేమో."

"మా బామ్మా?"

ఆ ఊహ నిలబడేది కాదని అతనూ ఒప్పుకున్నాడు. అయినా ఊహలతో తేల్చే సంగతి కాదిది, పరీక్షించాలన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుని, వెనక్కి తిరగకుండా మామూలు గొంతుతో అంది:

"బామ్మా, గులాబీలకు రోజూ ఉప్పునీళ్ళు పొయ్యాలట."

ఇద్దరూ చెవులు రిక్కించారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గట్టిది వెయ్యండి," అన్నాడు ఆరున్నర.

"బామ్మా, అంటు కట్టేటప్పుడు కత్తికి పదునుంటే చెట్టుకు నొప్పట. మొండి కత్తే మేలని రేడియోలో చెప్పారు."

ఇది బామ్మ జీవితం మీద దాడి. మెలకువగా ఉన్న బామ్మ దీనికి బండి ఆపించేది, బహుశా దిగిపోయేది. వెనక సీటు నిశ్శబ్దంగా ఉంది. బండి ఒక గుంటలోకి దిగి, మెత్తగా పైకి లేచి, మలుపు తిరిగింది.

ఆమె ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంది. గోళ్ళలో మట్టి ఉంది. ఈసారి మాట ఇంకా గట్టిగా వచ్చింది.

"బామ్మా, ఈ ఆరున్నరను నేను పెళ్ళి చేసుకుంటున్నాను."

ఆరున్నర బండిని రోడ్డు పక్కకు తీసి, చాలా జాగ్రత్తగా, గుడ్డు మీద ఆపినట్టు ఆపాడు. బండి నడుపుతూ తట్టుకోదగిన మాట కాదది. ఇంజన్ ఆపి ఆమె వైపు తిరిగాడు.

"ఇది కూడా పరీక్ష కోసమేనా అండీ?"

"నేను చెప్పిన అబద్ధాలు రెండేనండీ."

అతను నవ్వాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు ఇద్దరూ కలిసి వెనక్కి తిరిగారు. బామ్మ తల కిటికీ వైపు ఒరిగి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఒక చెయ్యి అంటు కత్తి ఒర మీద, ఇంకొకటి సీటు మీద వదులుగా పడి ఉంది. నిటారుగా ఉందని లోకం తిట్టిపోసిన ఆ సీటు వీపుకు వీపు ఆనించి, రెండు అబద్ధాలనూ ఒక నిజాన్నీ దిద్దకుండా వదిలేసి, బామ్మ నిద్రపోతోంది.